మైకులో చెప్పు

కాదు కెప్టెన్ గారూ, అర్థంకాక అడుగుతున్నాను... మోకాలికి తైలం పట్టిస్తే గానీ మెట్లెక్కలేనివాణ్ణి, నన్ను చూసి ఆ రైసు మిల్లు జట్టు హడలిపోయిందా? మాజీ ప్రొఫెషనల్స్ పండగ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో ఆడకూడదని ఫిర్యాదు చేశారా? నా మీద?

నవ్వకు. ఎన్నికల్లో గెలిచి మన వాడకి కెప్టెన్‌వయ్యావు కాబట్టి గారూ అంటున్నాను. లేకపోతే ఒరే డెల్ఫిన్ అనే అనేవాణ్ణి.

ఇన్నేళ్ళలో ఎవడన్నా నన్ను ప్రొఫెషనల్ అన్నాడా? చేపల మార్కెట్లో ఐసు కొట్టుకుంటుంటే "ఏం సూపర్‌స్టార్, ఇవాళ ఎన్ని బాస్కెట్లేశావ్?" అని వెక్కిరించారు. మనీలా లీగ్‌లో ఆడినవాడే ఆటగాడట. మాది పుట్టగానే పోయిన లీగట!

అబ్బే, పుట్టగానే ఏం పోలేదు. నీకు తెలీదూ? మనీలా వాళ్ళ లీగ్ ఏనాడన్నా మన ఓర్మాక్ మొహం చూసిందా? వాళ్ళ జట్లన్నిటికీ కంపెనీల పేర్లే. మన లీగ్ వచ్చాకే కదా ఊరికో జట్టు, ఊళ్ళో పుట్టినవాడికి చోటు! సెబూ జట్టు పడవ దిగుతుంటే రేవులోనే గేలి చేసేవాళ్ళం. నువ్వు టికెట్ లేకుండా ఆట జరిగే జిమ్‌లో దూరి, "విర్హిలియో! విర్హిలియో!" అని నా పేరే అరిచి గొంతు పోగొట్టుకోలేదూ?

ఆ తర్వాత టీవీ వాళ్ళు తప్పుకున్నారు. ఒక్కో ఊరూ జట్టుని ఎత్తేసింది. బాగా ఆడేవాళ్ళని మనీలా వాళ్ళు ఏరుకుపోయారు. నన్ను ఏరలేదు, సరే. జిమ్ నేల చెక్కలు ఊడదీసి కోడిపందేల గ్యాలరీకి బెంచీలేశారు. ఆదివారం వెళ్ళి కూర్చుంటే ఫ్రీత్రో గీత నా తొడ కింద ఉంటుందిరా. ఏడుపొస్తుంది.

మా అబ్బాయి జున్రే ఆ లీగ్ మూతపడ్డ ఏడు పుట్టాడు. చిన్నప్పుడు నా కబుర్లు నోరు తెరుచుకుని వినేవాడు. మొన్న అన్నం తింటూ ఫోన్ నా ముందు పెట్టాడు. "నాన్నా, ఎంత వెతికినా నీ ఆట ఒక్కటీ దొరకట్లేదు. నిజంగా ఆడావా?"

టేపులు తుఫానులో పోయాయిరా అన్నాను. నిజమే, పోయాయి. కానీ నా చెవికే అబద్ధంలా వినిపించింది.

"అయితే ఈ పండక్కి నాతో కలిసి ఆడు, చూస్తాను" అన్నాడు. అందుకే పేరిచ్చాను. ఇంకేం లేదు.

ఏంటి? దారుందా? ఏం దారి?

ఓహో. ప్రారంభం రోజు అందరూ చెయ్యెత్తి ప్రమాణం చేస్తారు కదా, అప్పుడు నేను... ఎప్పుడూ ప్రొఫెషనల్‌గా ఆడలేదు, అదసలు లీగే కాదు, సరదాకి ఆడుకున్నాం అనాలా? అంటే మిల్లు వాళ్ళు ఊరుకుంటారా?

జున్రే నా పక్కనే నిలబడి ఉంటాడు కదరా.

నువ్వు మంచికే చెప్పావులే. ఉండు, కాస్త నీళ్ళు తాగనీ.

వద్దు డెల్ఫిన్. వాడితో ఒక్క ఆట ఆడాలని ప్రాణం కొట్టుకుంటోంది, నీ దగ్గర దాచేదేముంది. వచ్చే ఏటికి ఈ మోకాలు పనికిరాదు. అయినా వద్దు. నన్ను తీసెయ్.

కానీ గుట్టుగా పేరు కొట్టేస్తే ఒప్పుకోను. జట్ల ఊరేగింపు అయ్యాక, ఊరంతా ఉన్నప్పుడు, మైకులో చెప్పు: విర్హిలియో పాల్మెరో ప్రొఫెషనల్ ఆటగాడు, అందుకని ఇక్కడ ఆడటానికి వీల్లేదు అని. నేను చెప్తే నమ్మట్లేదు, నువ్వు చెప్పు.

ఆ మైకు గరగరలాడుతుంది, ముందే బాగుచేయించు. మావాడికి సరిగ్గా వినపడాలి.