ఏడో పాఠంలో బర్రె

మట్టెవాడలో ఒక అద్దె ఇల్లు. పెళ్లయి రెండు నెలలు నిండని సుందర్ రావు, రాహేలు. ఆమె తెలుగు ఎం.ఏ. ఆయన పగలు ఆఫీసులో టైపిస్టు, సాయంత్రాలు నైట్ కాలేజీలో బి.ఏ. విద్యార్థి. ఇవాళ తెలుగు క్లాసులో పాఠం మీద చర్చ నడిపే వంతు ఆయనది.

“చదివిన్రా లేదా, అది చెప్పుండ్రి ముందు.”

“చదివిన్నే! చదువకుండ క్లాసుల ఎట్ల నిలవడ్త?”

“ఎప్పుడు చదివిన్రు?”

“నిన్న.”

“నిన్న మనం సినిమాకు పోయినం.”

“సినిమాకు పోకముందు.”

“పోకముందు, జడల పూలు నేనే పెడ్తనని నా ఎన్కనే తిరిగిన్రు.”

“అయితే మొన్న చదివిన. ఏందే రాహేలు, పోలీసోళ్ల లెక్క అడుగుతానవ్! జర చాయ్ పొయ్యరాదు.”

“పోస్త గని, ముందు లేసి నిలవడుండ్రి. నేను క్లాసు. మీరు చర్చ నడిపెటోళ్లు.”

“ఇంట్ల గూడనా?”

“చర్చ నడపకపోతే హాల్ టికెట్ ఇయ్యనన్నది ఎవరు?”

“మా సారు.”

“హాల్ టికెట్ లేకపోతే?”

“పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే పెద్ద క్లర్కు కుర్సీల మా ఆఫీసు ఎల్లస్వామి కూసుంటడు, ఆయన రాసినయి జిందగంత నేను టైపు కొట్టాలె. నాకెర్కలేదానే?”

“ఎర్కుండి గూడ...”

“సరే, నిలవడ్డ. ప్రభువు నందు ప్రియమైన—”

“అది చర్చిల.”

“మిత్రులారా! ఇయ్యాల మనం ఏడో పాఠం గురించి మాట్లాడుకుందాం. ఇది చాల... లోతైన పాఠం.”

“ఎంత లోతు?”

“మంచి ప్రశ్న. ఎంత లోతని మీరనుకుంటాన్రు?”

“నన్నడుగుతరేంది!”

“అదేనే చర్చ నడుపుడంటే! ఎవరేమడిగినా ‘మంచి ప్రశ్న’ అనాలె, మర్లేసి ఆళ్లకే అప్పజెప్పాలె. ఆళ్లల్ల ఆళ్లు కొట్లాడుకునేసరికి గంట కొడ్తరు. పోయిన వారం కట్టయ్య గట్లనే నడిపిండు. ఆయన పుస్తకమే కొనలే.”

“మరి సారు ఏమనడా?”

“సారా? కుర్సీల కూసుంటడు, కండ్లద్దాలు తుడుసుకుంటడు, గురక పెడ్తడు. గంట కొట్టంగనే లేసి, ‘శభాష్, బాగ చెప్పినవ్’ అంటడు.”

“మిమ్ముల ఎవరన్న గట్టిగ అడిగితె?”

“క్లాసుల నా పక్కపొంటి ఇమ్మానుయేలు ఉన్నడు గద! నేను ఇరుక్కున్ననంటే ఆయన దగ్గుతడు. ఉత్త దగ్గు గాదు, దవాఖానకు మోసుకపోయే దగ్గు. అందరు ఆయన దిక్కు ఉర్కుతరు. ప్రశ్న పోతది.”

“అబ్బబ్బ! ఇంత తెలివి నాలుగు పేజీలు చదువుడు మీద పెట్టరాదు?”

“నాలుగు పేజీలేనా? నేను ఇంకా పెద్దదనుకున్న.”

“ఏమన్నరు?”

“ఏమన్లే. అడుగు, క్లాసు లెక్క అడుగు.”

“సరే. లక్ష్మీనర్సమ్మ బర్రెను ఎందుకు అమ్మింది?”

“ఎవరు?”

“ఏడో పాఠంల లక్ష్మీనర్సమ్మ.”

“ఓ, ఆ లక్ష్మీనర్సమ్మనా! పాపం. మంచి ప్రశ్న—”

“మర్లేసుడు లేదు. మీరే చెప్పాలె.”

“చూడు రాహేలు, ఆమె అమ్మలే. సమాజం అమ్మించింది.”

“అబ్బో!”

“బర్రె అంటే ఉత్త బర్రె గాదు. అది ఆమె ధైర్యం. పలుపు ఇప్పి పరాయోళ్ల చేతుల పెడ్తాంటే ఆమె ఎంత ఏడ్సింది!”

“ఏడ్సిందా?”

“ఏడ్వలేదా?”

“చదివినోళ్లు మీరు.”

“పైకి ఏడ్వలే. లోపల్లోపల ఏడ్సింది. రాసినాయన గొప్పతనం అక్కడనే ఉన్నది. ఏందే, కొంగు నోట్లె కుక్కుకుంటానవ్?”

“ఏడో పాఠంల బర్రె లేదు.”

“ఆఁ?”

“లక్ష్మీనర్సమ్మ గూడ లేదు. అసలది కథే గాదు. సూర్యగ్రహణం గురించి వ్యాసం!”

“సూర్యగ్రహణమా!”

“పలుపు ఇప్పిందట! లోపల్లోపల ఏడ్సిందట! అయ్యో, నా కడుపు నొస్తాంది...”

“నువ్వు మా క్లాసుల లేవు, అది నా అదృష్టం. నువ్వే ఉంటే నేను డిగ్రీ మొఖం చూసెటోణ్ణి గాదు.”

“ఇగో పుస్తకం. ఇంకా టైమున్నది. చదువుండ్రి.”

“నువ్వు ఎదురుంగ ఉంటే అక్షరాలు కనవడయి.”

“అయితే వంటింట్ల ఉంట.”

“అప్పుడు పుస్తకమే కనవడదు.”

“సూడుండ్రి, నేను నిజంగ చెప్తాన. చదువుండ్రి.”

“ఫికర్ చెయ్యకే. సారు గురక పెడ్తాంటే సూర్యుణ్ణి బర్రె మింగిందన్నా నడుస్తది. అది సరే గని, ఇంత తయారైనవేంది? ఎటు పోతానవ్?”

“మీతోటి వస్తాన.”

“కాలేజీకా? నా చర్చ వినెటందుకు?”

“ఆఁ. మీ సారుకు బదిలీ అయింది, ఎర్కేనా?”

“ఏంది? ఎప్పుడు?”

“నిన్ననే. ఇయ్యాల పొద్దుగాల రైలెక్కి పోయిండట.”

“నీకెవరు చెప్పిన్రే?”

“మీ ప్రిన్సిపాల్. మీరు ఆఫీసుకు పోయినంక మనిషిని పంపి పిలిపిచ్చిండు.”

“పిలిస్తె నన్ను పిలువాలె గని నిన్నెందుకు? ఆగాగు, అయితే ఇయ్యాల క్లాసుకు ఎవరొస్తరు? కొత్తాయన నిద్రవోతడో లేదో! ఇమ్మానుయేలుకు ముందే చెప్పాలె, ఇంకా గట్టిగ దగ్గుమని—”

“ఎంత దగ్గినా లాభం లేదు. సైకిల్ తియ్యుండ్రి.”

“సరే, కూసో. గేటు కాడ దింపుత. నువ్వు ఆడ చెట్టు కింద నిలవడు, క్లాసు అయిపోంగనే వస్త.”

“గేటు కాడ గాదు, స్టాఫ్ రూం కాడ దింపుండ్రి. ఆరింటి నుంచి మీ క్లాసు నాది, హాల్ టికెట్ల మీద సంతకం గూడ నాదే.”