తాడుకు ఇవతల మూడాకులు

పెరూ కొండల్లోని మాచుపిచ్చు శిథిలాల్లో, 'సూర్యుణ్ణి కట్టే రాయి' అని పేరున్న పాత రాయి చుట్టూ తాడు ఉంది. కాపలా కూతురిది. తల్లి మొదటిసారి చూడ్డానికొచ్చింది.

"అమ్మా, తాడు దాటకు. నా ఉద్యోగం పోతుంది."

"మూడు కోకా ఆకులు పెట్టొస్తానే. కొండకి చెప్పుకోవద్దూ?"

"పైన కెమెరా ఉంది."

"నువ్వు రోజూ దాటుతున్నావుగా?"

"రాతి మీది నాచు తుడవడానికి. అది డ్యూటీ."

"ముందు ఆకుల మీద ఊది, కొండని అనుమతి అడుగుతున్నావా?"

"బ్రష్షూ నీళ్లూ చాలన్నారు మా ఆఫీసువాళ్లు."

"మూడేళ్లుగా అడక్కుండానే చెయ్యేస్తున్నావా? సిగ్గులేదూ!"

"అరవకమ్మా, టూరిస్టులు చూస్తున్నారు."

"చూడనీ. ఇదిగో ఆకులు. ఊదు."

"ఇక్కడా?"

"ఊదవే! ఊఁ, జేబులో పెట్టుకో. రేపు తుడిచేముందు రాయి దగ్గర పెట్టు."

"తర్వాత వాటినీ నేనే ఊడ్చెయ్యాలి."

"ఊడ్చెయ్. అడిగాక ఊడిస్తే కొండ ఏమీ అనుకోదు."