కొలిచిన ఒళ్ళు

ఊఁ కొడతావా మరి? ఊఁ కొట్టే మనిషి లేకపోతే కథ సగం దారిలోనే కూలబడుతుంది, ముందే చెబుతున్నాను. ఇందులో రాజు లేడు, రాజుకి ఏడుగురు కొడుకులూ లేరు. ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక తండ్రి, ఇద్దరు కూతుళ్ళు, అంతే ఉంది నా దగ్గర. నువ్వు పొద్దున్నే ఆ సూదులు పట్టుకొచ్చి, "అమ్మమ్మా, అల్లడం నేర్పు, నేను చదువుకి వెళ్ళే చోట చలి ఎముకలు కొరుకుతుందట" అన్నావు చూడు, అందుకని నోరు తెరిచాను. లేకపోతే తెరిచేదాన్ని కాదు. నేర్పుతాను, నేర్పనని ఎవరన్నారు? ముందు ఆ ఉన్ని ఉండ చుట్టు. అంత బిగించకు, ఊపిరాడక చస్తుంది. ఆఁ, అలా. నీకో చిన్నమ్మమ్మ ఉండేది, ఫొటో చూశావు కదా. ఫొటోలో ఏం తెలుస్తుంది, నోరు మూసుకుని కూర్చుంది అందులో. బతుకు మొత్తంలో అది నోరు మూసుకుని కూర్చున్నది ఆ ఒక్కసారే. మా నాన్న దాన్ని 'గంట' అని పిలిచేవాడు. వీధి చివర మాట్లాడితే మా వంటింట్లో వినబడేది. "అదిగో, గంట మోగుతోంది, పళ్ళెం పెట్టు" అనేవాడు నాతో.

నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. మా అమ్మ పోయేటప్పటికి దానికి పదకొండేళ్ళు, నాకు పదిహేను. పెంచానని గొప్పలు చెప్పుకోను గానీ, జడ వేసింది నేనే, జ్వరమొస్తే పక్కన కూర్చుంది నేనే. నాన్న ముందు గదిలో తాళాలు బాగుచేసేవాడు. ఇల్లంతా ఇనప రజను, ఆముదం వాసన. నేను ఉన్ని దుకాణానికి స్వెట్టర్లు అల్లి ఇచ్చేదాన్ని. అది అద్దకం ఫ్యాక్టరీలో, రంగులు పరీక్ష చేసే గదిలో పనిచేసేది. ఎప్పుడు చూడు, గోళ్ళ సందుల్లో నీలం. అలాంటి పిల్లకి ఒక రోజు ఉత్తరం వచ్చింది. సముద్రాలవతల ఏదో చలిదేశంలో రంగుల చదువట, రెండేళ్ళట, ఖర్చంతా వాళ్ళదేనట. ఆ ఫ్యాక్టరీలో మగాళ్ళకి కూడా అంతకుముందు రాలేదు అలాంటిది. ఒక్కటే మెలిక, ఎవరైనా డాక్టరు ఒంట్లో ఏ జబ్బూ లేదని సంతకం చేసివ్వాలి. "జబ్బా? దీనికా? దీన్ని చూసి జబ్బే పారిపోతుంది" అన్నాడు నాన్న. ఇంకేముంది, ఆ వేసవి అంతా ఇల్లు ఇల్లులా లేదు. అక్కడ మూడు పూటలా రొట్టేనట, ముందే నోటికి అలవాటు చేసుకోవాలట, అందుకని బేకింగ్ మొదలుపెట్టింది. మా ఇంట్లో పొయ్యి ఉంది గానీ ఓవెన్ ఎక్కడిది? నాన్నే పాత నూనె డబ్బా కోసి, తలుపు పెట్టి, దానికో బుల్లి గడియ కూడా బిగించాడు, ఎంతైనా తాళాలవాడు కదా. అడుగున ఇసుక, ఇసుక మీద పళ్ళెం. మొదటి రొట్టె తీసి బల్ల మీద పెడితే నాన్న సుత్తి తీసుకొచ్చి రెండు దెబ్బలు వేసి, "అమ్మడూ, ఇది తినడానికా, తలుపుకి అడ్డం పెట్టుకోవడానికా?" అన్నాడు. అది ఊరుకుంటుందా? "మీ తాళాలకన్నా నయమే నాన్నా, ఇది కనీసం ఎప్పటికైనా నానుతుంది" అంది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది దానికి. పిండి పొలమారిందనుకున్నాం. ఏమిటీ? అవును, అప్పటికే. అప్పటికే దగ్గుతోంది. ఫ్యాక్టరీలో ఆ రంగుల ఘాటుకి అందరూ దగ్గేవాళ్ళే, ఎవరిది ఏ దగ్గో ఎవరు చూడొచ్చారు?

సరే, స్వెట్టర్ సంగతి. ఉన్నికి అదే తన చేతులతో రంగు వేసి తెచ్చింది, బాగా పండిన నేరేడుపండు రంగు. అల్లడం నా వంతు. ఛాతీ చుట్టు ముప్పై నాలుగు అంగుళాలు. వేసవి మొదట్లో ఒక్కసారి కొలిచి, నాన్న గది తలుపు చెక్క మీద పెన్సిల్‌తో రాసుకున్నాను. ఒక్కసారే ఎందుకు అంటావేమో, మా అమ్మ చెప్పేది, కొలిచిన ఒంటిని ఆ ఏడాదిలో మళ్ళీ కొలవకూడదని, కొలిస్తే మనిషి తరిగిపోతాడని. నువ్వు నవ్వుతావు. నేనూ నవ్వేదాన్నే బయట, లోపల మాత్రం పాటించేదాన్ని. తల్లి లేని ఇంట్లో తల్లి మాటలే కదా మిగిలేవి, వాటిని ఎవరు కాదంటారు? వెనక భాగం అయింది, ముందు భాగం అయింది, కలిపి దాని మీద పెట్టి చూస్తే, సంచిలా వేలాడుతోంది. ఆరేళ్ళుగా అల్లుతున్నాను, ఒక్క స్వెట్టరు వెనక్కి రాలేదు. ఆ ఉన్ని దుకాణం ముసలాయన ముక్కుతో మాట్లాడేవాడు, "నీ పని మీద టేపు పెట్టడం పాపమమ్మా" అనేవాడు. అలాంటిది ఇదేమిటని కుట్లు లెక్కపెట్టాను, అంగుళానికి అయిదు చొప్పున నూట డెబ్బై, సరిగ్గానే ఉన్నాయి. మరి ఎందుకు వదులు? నా చేతి పట్టు సడలిందనుకున్నాను. అల్లేవాళ్ళకి అదొక భయం, పాడేవాళ్ళకి గొంతు పోతుందన్నట్టు. విప్పేశాను మొత్తం. విప్పిన ఉన్ని మెలికలు మెలికలుగా ఉంటుంది, తడిపి, కింద బరువు కట్టి ఆరేస్తే గానీ దారికి రాదు. ఆరేసి, బిగించి, ముప్పై రెండుకి అల్లాను. నెల పట్టింది. వేసి చూస్తే మళ్ళీ వదులే. "అక్కా, నీ మనసు ఎక్కడో ఉంది, ఎవడా అదృష్టవంతుడు?" అని అది వెక్కిరించింది. ఆ మాట అంటున్నప్పుడు బల్లకి ఆనుకుని నిలబడి ఉంది. పిండి నాలుగు పిసుకులు పిసికి, "కాస్త నువ్వు పట్టు అక్కా, నా చేతులు నొప్పి" అనేది. నేను పిసికేదాన్ని. నా చేతుల్లో బలం ఉంది, పట్టు లేదు, ఇదేం విడ్డూరం అనుకుంటూ పిసికేదాన్ని. మళ్ళీ విప్పాను. ముప్పైకి అల్లాను. వినబడుతోందా? ముప్పై నాలుగు, ముప్పై రెండు, ముప్పై. కళ్ళ ముందు ఒక పిల్ల నాలుగు అంగుళాలు కరిగిపోతుంటే, నేను కూర్చుని నా చేతిని తిట్టుకుంటున్నాను.

ప్రయాణం ఇంకా పద్ధెనిమిది రోజులు ఉందనగా డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఫ్యాక్టరీ గేటు పక్క గది, తెల్లటి సున్నం, ఒక బరువు చూసే యంత్రం. ఆ నేరేడు స్వెట్టరే వేసుకుని వచ్చింది, బరువులో కలిసొస్తుందని. డాక్టరు కళ్ళద్దాల మీదుగా చూసి, "అది తీసి ఎక్కమ్మా" అన్నాడు. ఎక్కింది. ఆయన టేపు తీసి ఛాతీ చుట్టూ పెట్టాడు. నేను 'వద్దు' అనబోయాను, అమ్మ మాట గుర్తొచ్చి. అప్పటికే చదివేశాడు, "ఇరవై తొమ్మిదిన్నర" అని. నీకు ఒక మాట చెబుతాను, ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఆ అంకె వినగానే నాకు సంతోషం వేసింది. రెప్పపాటు, అంతే. నా చేయి చెడిపోలేదు, నా పట్టు నాకే ఉంది, అనుకున్నాను. ఆ తరవాతే అర్థమైంది ఆ అంకె దేనిదో. ఆయన చెవి గొట్టం పెట్టి విని, ఛాతీ ఫొటో తీయించి, ఆ సాయంత్రమే నన్ను పక్కకి పిలిచాడు. క్షయ. రెండు వైపులా. "ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్చండి. మంచి మందులు వచ్చాయి ఇప్పుడు, తగ్గుతుంది" అన్నాడు. నేను ఏమడిగానో తెలుసా? "చేరిస్తే కాగితాల మీదికి ఎక్కుతుందా?" అని. "ఎక్కకుండా ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు. కాగితం మీద ఆ మాట పడితే ఆ దేశం గడప తొక్కనివ్వరు, ఆ సంగతి మాకు తెలుసు.

ఇంటికొచ్చాం. ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం, డాక్టరు అన్నది అన్నట్టు చెప్పేశాను. "అక్కా, ఈ విడతకి వీలుకాకపోతే తరవాతి విడతలో చేరవచ్చని ఆ ఉత్తరంలోనే ఉంది. నలభై రోజులు. నలభై రోజులు నన్ను మేపు, ఒళ్ళు చేస్తాను, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది. గొంతు బొంగురు పోయింది అప్పటికే. నాన్న చేతిలో ఒక తాళం ఉంది, దాన్ని తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. "పెద్దదానివి, తల్లి లాంటిదానివి, నువ్వే చెప్పు" అన్నాడు. నన్ను అడిగారు తల్లీ. నన్నే అడిగారు. అది నా మొహంలోకి చూస్తోంది. ఆసుపత్రి అంటే ఆ చూపు ఆరిపోతుంది. "సరే" అన్నాను.

ఇక ఆ రోజులన్నీ మా ఇంట్లో ఓవెన్ చల్లారలేదు. వెన్న రొట్టె, గుడ్ల కేకు, పాలపిండి బిస్కెట్లు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి, "ఏమమ్మా, పెళ్ళా?" అని అడిగేవాళ్ళు. ప్రయాణం సన్నాహం అని చెప్పేదాన్ని నవ్వుతూ. అది తినేది, నేను చూస్తున్నంతసేపూ తినేది. నాన్న, "ఇంకో ముక్క, గంటా, నా కోసం ఇంకొక్క ముక్క" అనేవాడు. నెల దాటాక దాని దిండు గలీబులో ముక్కలు దొరికాయి, చీమలు పట్టి. నేను దులిపి, ఉతికి, ఆరేసి, నాన్నకి చెప్పలేదు. అడిగితే అది ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే నేను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందుకని అడగలేదు. ముప్పై ఎనిమిదో రోజున డబ్బాలోంచి పళ్ళెం తియ్యబోయి దాని మీదికే వాలిపోయింది. చేయి కాలుతోంది, ఆ వేడి ఇనుము మీదనుంచి చేయి తీసుకునే సత్తువ లేదు దానికి. చప్పుడు కూడా చెయ్యలేదు. వాసనకి వచ్చాను నేను. కాలిన చేయికి కట్టు కట్టించాలని ఆసుపత్రికి తీసుకెళ్ళాం, చూశావా, ఆ చేయి కోసం. వాళ్ళు చేతిని చూసి, మనిషిని చూసి, మమ్మల్ని తిట్టి, లోపలి వార్డుకి తోశారు. నాకూ నాన్నకీ కూడా ఛాతీ ఫొటోలు తీశారు. మాకేమీ లేదు. చెక్కుచెదరకుండా ఉన్నాం ఇద్దరం.

పంతొమ్మిది రోజులు ఉంది. కిటికీ బయటనుంచే చూడనిచ్చేవాళ్ళు. రెండో వారానికి మాట పోయింది, చేత్తో సైగ చేసేది. పెద్ద డాక్టరుని అడిగితే, "చెయ్యాల్సింది చేస్తున్నామమ్మా, ఆపైన మన చేతిలో ఏముంది?" అనేవాడు. ఆ మాటే పట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని, మన చేతిలో ఏముంది అని. ఆఖరి రోజు వెళ్ళేసరికి మంచం ఖాళీ. ఊరికే అలా నిలబడ్డాను. వార్డు ఊడ్చే ఆయా ఒకావిడ ఉండేది, పొట్టిగా, చీపురు చంకలో పెట్టుకుని తిరిగేది. దాని బట్టలు అప్పటికే కాల్చేశారట, అక్కడి నియమం. ఆవిడే చెప్పింది. చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసి, మంచి మనిషి, ఓదార్చడానికే అంది పాపం, "ఏడవకు తల్లీ, మీరేం చేస్తారు, మీకు తెలియదు కదా. పెద్ద డాక్టరు కుర్రడాక్టర్లతో అంటుంటే విన్నాను, ఒక్క నెల ముందు తెచ్చి ఉంటే ఈ పిల్ల నడిచి వెళ్ళేదని." తెలియదు కదా, అంది. నేను తలూపాను. మా నాన్నకి ఆ మాట చేరనివ్వలేదు, ఆయన ఇంకో పద్నాలుగేళ్ళు బతికాడు. ఊఁ కొట్టడం ఆపేశావేం? ఆపితే ఆపావులే, అయిపోయింది. ఎప్పుడైనా నీ పిల్లలకి చెప్పాల్సి వస్తే నా పేరు పెట్టి చెప్పకు. చేసినదాన్నని కాదు, ఊరికే విన్నదాన్నని చెప్పు. ఇది నాకు మొదట చెప్పింది ఆ వార్డు ఊడ్చే ఆయా.