ముందటి సగం

ఏందే సైదమ్మా, సచ్చినంక గూడ గింత కోపమా? మూడుసార్లు కొవ్వత్తి ముట్టిచ్చిన, మూడుసార్లు ఆర్పితివి. సమాధుల పండుగ కదనే! పక్కోళ్ళయి చూడు, ఎంత మంచిగ ఎలుగుతున్నయో.

పొద్దుగాల్నే వచ్చి సున్నం ఏసిన. బంతిపూలు పెట్టిన. ఇంకేం చెయ్యమంటవు?

నర్సింగమ్మ గిప్పుడే పోయింది. నీ సమాధి మీద చెయ్యేసి ఒకటే ఏడుపు. "సైదక్క తల మీద చెయ్యి పెడితే పానం నిమ్మళమయ్యేది, ఉపదేశీ" అన్నది. తలూపిన.

తెలంగాణ వచ్చిన యాడాదే కదా నువ్వు ధ్యాన కూటాలకు పోయొచ్చింది? అప్పటిదాంక నీ గొంతు నేనే సరిగ్గ ఇనలే. పత్తి ఏరవోతివి, వస్తివి, వండితివి. గంతే. వచ్చినంక ఏమాయె? చేతులు లేపి, ఎవరికీ తెల్వని భాషల్ల ప్రార్థన! కరిష్మాటిక్ కూటమని శుక్రారం శుక్రారం మనింట్లనే నలభై మంది. కట్టంగూర్ నుంచి గూడ వస్తిరి. నిన్నేమో "అమ్మా" అంటిరి. నన్నేమో "ఉపదేశీ, ఇంకో చాప పరువరాదు" అంటిరి.

ముప్పై ఏండ్ల ఉపదేశినే నేను! పోరగాండ్లకు జపాలు నేర్పింది నేను. ఫాదర్ రాని ఆదివారం వాక్యం సదివింది నేను. అక్షరం ముక్క రాని నీ కాడికి వచ్చి కూసుంటడా దేవుడు? నా కడుపు మండదా, చెప్పు?

కూటం బంద్ చెయ్యమని ఫాదర్ చీటీ పంపితే నాకే ఇచ్చినవు. "జర సదువయ్యా" అన్నవు. సదివిన. మన మీద బిషప్ గారికి ఎవరో ఉత్తరం రాసిండ్రట అన్న. "ఎవరయ్యా?" అన్నవు. ఏమో, పేరు లేదట అన్న.

నువ్వు లొల్లి పెట్టలే. చాపలు చుట్టి అటక మీదేసినవు. ఆ గొంతు గూడ గట్లనే ముడుచుకపోయె. దవాఖానల నీ పానం పోయేదాంక మళ్ళ లేవలే.

గని ఆ ఉత్తరం రాసినోళ్ళ కోసం రోజూ మాపటీలి జపమాల చెప్పినవు చూడు, గదే నన్ను తింటాంది. "పాపం, వాళ్ళ మనసుల ఏం బాధున్నదో" అంటివి. ప్రతి పూసకు జపంల ముందటి సగం నువ్వు మెల్లగ చెప్తే, ఎనుక సగం నేనందుకుంటి. నాలుగేండ్లు, సైదమ్మా!

నేనే రాసిన. నా చేతులతోనే రాసిన.

ఇగో, నీ జపమాల తెచ్చిన. ఎనుక సగం నేనందుకుంట. ముందటి సగం నువ్వు చెప్పు... ఒక్కసారి గట్టిగ చెప్పవే.