టెస్టుకి ట్యూషన్ పెట్టించిన గంగాలమ్మ

ఏట్రా సందీపూ, అలగ మొకం ఏలాడేసుకుని కూకున్నావ్? పాపకి రేపు సదువు డాట్టరు కాడ టెస్టా? ఓస్, దీనికేనేటి! ఏటీ, ఇంటికాడ ఆల్లమ్మ బొమ్మలు సూపించి, ప్రశ్నలడిగి నేర్పిస్తన్నాదా? వద్దురా బాబూ, ఆపీమను. ఆ పని మా గంగాలమ్మ అప్ప ఎప్పుడో సేసీసినాది. నివ్వు సూడనేదు కదా అప్పని. పోయి శానా ఏళ్ళయిపోనాది. నా సొంత అక్క, నన్ను సంకనేసుకుని తిప్పిన మడిసి. జాలరిపేటలో అప్ప సేపల గంప దించి కేకేసిందంటే, కొండమీద బంగళాల్లో కూడా గిన్నెలు ఒట్టుకుని బయలెల్లిపోయేవోరు. అంత గొంతు! ఒకపాలి హార్బర్‌లో సైరన్ మోగితే, "ఎవుర్రా నాకు ఎదురు మాటాడతన్నారు" అన్నాది.

ఆ అప్ప మనవడే నాగబాబు. ఆడికి పసితనంలో జొరమొచ్చి, ఫిట్స్ మొదలయ్యాయి. మందులేస్తే పడిపోడం తగ్గినాది గానీ, బళ్ళో సదువు ఎక్కనేదు. ఆడి మేస్టారు శ్రీరామ్మూర్తిగోరు, మంచోడే, కానీ సెవి మెలెయ్యకపోతే ఆయనకి పాఠం సెప్పినట్టుండదు. "గంగాలమ్మా, వీడికి పొగరు. నేను మాట్లాడుతుంటే నా మొహంలోకే చూస్తాడు, పిలిస్తే పలకడు. ఇలాగైతే బళ్ళో ఉంచుకోలేను" అనీసినారు. అప్ప ఊరుకుంటాదేటి? "మా గుంటడు మీ మొకం సూత్తన్నాడంటే మీరు బాగున్నారనే కదండీ!" అన్నాది. మేస్టారికి కోపం రావాలో సిగ్గు రావాలో తెలీక కళ్ళజోడు తుడుసుకున్నారు. ఆకరికి ఆస్పత్రిలో పెద్ద డాట్టరు, "ఫిట్స్ ఉన్న పిల్లలకి ఒక్కోసారి సదువులో ఇబ్బందులుంటాయి, పరీచ్చ సేయించండి" అని ద్వారకా నగర్‌లో పిల్లల సదువు ఇబ్బందులు సూసే ఒక మేడం కాడికి పంపినారు. కుసుమకుమారి మేడం. సన్నగా, కాలేజీ పిల్లలాగుండేది.

అదిగో, పరీచ్చ అన్నారు సూడు, అక్కడే వొచ్చినాది తంటా. ద్వారకా నగర్ అంటే ఏటుంటాయి? కోచింగ్ సెంటర్లు! ఏ గోడ మీద సూడు, ఫస్టు ర్యాంకు, సెకండు ర్యాంకు, పిల్లల మొకాలు. అప్ప అయన్నీ సూసీసి, నాకేసి తిరిగి, "ఒరే గురువులూ, మనోడికీ పరీచ్చే కదా, కోచింగ్ లేకుండా ఎలగ పాసవుతాడురా?" అన్నాది. నాను వొద్దంటే ఇంటాదేటి! రెండ్రోజుల ముందే ఎల్లి మేడం గుమ్మంలో కూకుండిపోనాది. లోపల్నించి ఏ పిల్లడు బయటికొచ్చినా, ఆల్లమ్మని ఆపీసి, "ఏటడిగినార్తల్లీ? మీవోడేటన్నాడు?" అని మొత్తం కూపీ లాగీసినాది. పేపరు లీకన్నమాట! ఇంటికొచ్చి, పక్కింట్లో ఇంటర్ సదూతన్న శ్రీసత్యకి వొప్పసెప్పీసినాది. పాపం ఆ గుంట పొద్దున్నించీ దీపాలెట్టేదాకా ఆడి సేత వల్లెవేయించినాది. పాలు ఏ రంగు? తెలుపు. కుక్కకి కాళ్ళెన్ని? నాలుగు. అలగ వరసాగ్గా. ఆడు కోడిపుంజులాగ మెడ ఎత్తి గడగడా సెప్పేసేవోడు.

మర్నాడు ముగ్గురం ఎల్లినాం. అప్ప క్యారేజీ నిండా రొయ్యల ఏపుడు తెచ్చినాది, మేడం మార్కులు ఏస్తాదని. గుంటడు జడుస్తాడని మమ్మల్నీ లోపల ఎనకాల కూకోనిచ్చారు. "పాలు ఏ రంగు నాన్నా?" తెలుపు. "కుక్కకి ఎన్ని కాళ్ళు?" నాలుగు. అప్ప నన్ను మోచేత్తో పొడిసినాది, సూసినావా అన్నట్టు. మూడోది, "ఆదివారం తరవాత ఏ వారం?" ఆడు పలకనేదు. మేడం మొకంలోకి అలగ సూస్తా ఉండిపోనాడు. పెదాలు కొంచెం సప్పరిస్తన్నాడు, అంతే. మేడం ఆడి కళ్ళకేసే సూస్తన్నాది. కాసేపాగి, ఇంకోటడిగినాది. "వానొస్తే ఏం పట్టుకెళ్తావు?" ఆడు బేగి, "సోమారం!" అన్నాడు. "రైలు ఎక్కడాగుతుంది?" "గొడుగు!" "నిప్పు ముట్టుకుంటే ఏమవుతుంది?" "స్టేషను!" "మీ మామ్మ పేరేంటమ్మా?" "సెయ్యి కాలిపోతాది!" నాకు నవ్వాగనేదురా, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. అప్పేమో లేచి నిలబడిపోయి, "ఒరే, ఒకటి ఎనకబడిపోనావురా! ముందుకెల్లు, ముందుకెల్లు!" అని అరిసినాది.

మేడం మెల్లగా ఎనక్కి తిరిగినాది. అయిపోనాం అనుకున్నాను. సంగతంతా ఇన్నాది. కోప్పడనేదు. "మామ్మగారూ, కళ్ళజోడు షాపులో గోడ మీద అక్షరాలు ముందే బట్టీ పట్టి చెప్పేస్తే ఏమవుతుంది?" అన్నాది. "ఏటవుతాది, కళ్ళు బాగున్నాయని ఇంటికి పంపీస్తారు" అన్నాది అప్ప. "మరి కళ్ళజోడు?" అప్ప నోరు తెరిసినాది, మళ్ళీ మూసీసినాది. గంగాలమ్మ నోరు మూసీసినాదిరా! జాలరిపేటలో ఎవులికి సెప్పినా నమ్మనేదు. మేడం అన్నాది గదా, "ఇది పాసు, ఫెయిలు పరీక్ష కాదు. వాడికి ఏది వస్తోందో, ఎక్కడ కష్టపడుతున్నాడో తెలుసుకోడానికి. కానీ మీ ట్యూషన్ వల్ల ఒకటి తెలిసింది. విని ఇంత గుర్తుపెట్టుకున్నాడంటే వీడికి తెలివి తక్కువని నేననుకోను. మధ్యలో ఆ ఒక్క ప్రశ్న ఎందుకు వినలేదో, అదీ చూడాలి."

మళ్ళీ నాలుగైదు పాల్లు ఎల్లినాం. కొత్త బొమ్మలు, కొత్త ప్రశ్నలు, అప్ప బయట బల్ల మీద. పెద్ద డాట్టరు ఆడి తలకి వైర్లు అంటించి మిషనెట్టినారు. కింద పడే ఫిట్సే కాదంట, పడకుండా, ఊరికే సూస్తా ఉండిపోయే ఫిట్సు కూడా ఉంటాయంట. మేస్టారు సెవి మెలేసినప్పుడు ఆడు సగం పాల్లు అక్కడ లేడురా పాపం! మందు మార్చినారు. దాంతోబాటు అచ్చరాల ఇబ్బంది వేరే ఉందంట, 'పలక' అని ఉంటే 'వలక' అని సదివేవోడు. దానికి మేడం వేరే పద్దతిలో నేర్పినాది, ఇసకలో రాయించి, పాడించి. అప్ప మేస్టారి కాడికెల్లి అంతా సెప్పినాది. ఆయన "ఇలాంటిదొకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు గంగాలమ్మా" అని, నాగబాబుని ముందు బెంచీలో కూకోబెట్టుకున్నారు. మేడం వొద్దన్న రొయ్యలు ఆకరికి మేస్టారికే ఎల్లినాయి, ఆయనేమో శాకాహారి! నాగబాబుకి సదవడం ఇప్పటికీ నెమ్మదే. కానీ హార్బర్‌లో సేపల ఏలంపాట పాడిస్తన్నాడు కదా, ఎవులెంతకి పాడినారో ఒక్కటి మర్సిపోడు.

ఆకరిరోజు మేడం అడిగినాది, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అక్షరాల ఇబ్బంది ఉందా?" అని. ఒక్కోపాలి వంశంలో వొస్తాదంట. "లేదమ్మా, మేవందరం మంచోళ్ళమే" అనీసినాది అప్ప. నవ్వుకున్నాం. బస్సెక్కినాం. మద్దిలపాలెం దాటినాక సూస్తే అప్ప కిటికీకి తలానించీసినాది. ఒంట్లో బాగులేదేటప్పా అన్నాను. కిటికీలోంచి బోర్డులు సూస్తన్నాది. "ఒరే గురువులూ, 'ప'కీ 'వ'కీ నాకూ తేడా తెలిసేది కాదురా" అన్నాది. "రెండో తరగతిలో మేస్టారు కొట్టి కొట్టి, నీకు గంపే గతి అని పంపీసినాడు. నాను మొద్దుననుకున్నానురా ఇన్నాళ్ళూ. అరవయ్యేళ్ళూ అలగే అనుకున్నాను." అంత గొంతు ఉన్న మడిసి... కండక్టరుకి కూడా ఇనబడనేదు.

...

ఏటీ? ఆఁ, ఏట్లేదు. ఈ ఫేను గాలికి కళ్ళు మండుతున్నాయి. నీ ఫోను మోగతంది సూడు, ఎత్తు. పాప అమ్మే అయ్యుంటాది.