పిచ్చయ్య పెట్టిన అరటిపండు రూలు

పిచ్చయ్య ఉన్నాడే, ఎగువపాలెం పిచ్చయ్య, కిరికెట్టు అంపైరు, ఆయన నోరు తెరవాల్సినప్పుడు తెరవడు. అదీ ఆయన రోగం. ఏమైందంటే, పోయినేడు ఎగువపాలేనికీ దిగువపాలేనికీ కిరికెట్టు పందెం జరిగిందంట. బంతి కాలికి తగిలింది, అవుటని వీళ్ళు, తగల్లేదని వాళ్ళు. ఆ కాలెవరిది? దిగువపాలెం వీరరాఘవులుది. ఆయనెవరు? పిచ్చయ్యకి సొంత బావ! పిచ్చయ్య గుటకలు మింగుతా నిలబడ్డాడనుకో. వికెట్లు పీక్కుని కొట్టుకున్నారు రెండూళ్ళోళ్ళూ. వీరరాఘవులు ఇంటికిపోయి పెళ్ళాంతో, అదే పిచ్చయ్య అక్క సౌభాగ్యంతో, ఇంక నీ పుట్టింటి గడప తొక్కావో చూడన్నాడంట. ఒక్క కాలు కోసం! రెండూళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క కాలవ. అక్క అటు గట్టున గుడ్డలుతుకుతుంటే తమ్ముడు ఇటు గట్టున నిలబడి చూడటమే, ఏడాది పొడుగూతా.

ఇట్టా కాదని ఈ ఏడు మినుము పీకిన చేలో పిచ్చయ్యే పందెం పెట్టాడంట. గొడవ లేకుండా జరిగితే అక్కని పంపాలి బావా అంటే, జరగనీ చూద్దాంలే అన్నాడాయన. జట్లు చూడబోతే ఒకడికి బంతి ఆనదు, ఒకడికి నాలుగడుగులేస్తే ఆయాసం, ఒకడు పట్నంలో ఆడొచ్చిన మొనగాడు. అందరికీ ఆడాలనే! అందుకని ఈయనొక రూలు పెట్టాడు. పిల్లలాటలో అరటిపండు ఉంటాడు చూడు, ఆడతాడు గానీ అవుటైనా లెక్కలేదు, అట్టా జట్టుకొక అరటిపండన్నాడు. ఆట రానోడి ముచ్చట తీరుద్దని, పాపం. అదే కొంప ముంచింది.

పందెం రోజున దిగువపాలెం తరఫున తాటిచెట్టంత మనిషి బ్యాటు తిప్పుకుంటా వచ్చాడంట. ఈయనెవరు బావా? మా అరటిపండు. ఈయనా! మొన్న వంద కొట్టినోడు కదా! ఆట రాదు బామ్మర్దీ, వచ్చని కాయితముంటే చూపియ్. పిచ్చయ్య చెయ్యూపి ఆడమన్నాడు. ఏడుసార్లు వికెట్టు పడింది, ఏడుసార్లూ ఆ అరటిపండు కదల్లా. ఎగువపాలెమోళ్ళు బంతి నేలకేసి కొట్టి, మేం వెయ్యం, మా మొనగాడూ అరటిపండేనన్నారు. మీవోడెట్టా అవుతాడని వాళ్ళు. ఎవడో వికెట్టు పీకాడు. పిచ్చయ్యకి పై ప్రాణాలు పైనే పోయినయ్. ఇంక అక్క రాదు. అంతే, ఏడాది నుంచీ మింగినదంతా ఒక్కసారి కక్కేశాడు. "అవుట్! ఈడవుట్, ఆడవుట్! బావా, నువ్వూ అవుట్! పోయినేడూ నువ్వవుటే! బంతి కాలికి తగిలింది, నా కళ్ళతో చూశా!"

దాంతో రెండూళ్ళూ కలిసి ఆయన మీద పడ్డయ్యంట. చూసినోడివి అప్పుడేడిసి చావకపోయావా అని వీళ్ళు, సొంత బావకే ద్రోహమా అని వాళ్ళు. ఇద్దరూ కలిసి తిట్టటం ఏడాదిలో అదే మొదలు! రెక్కలు పట్టి గట్టు మీద కూలేసి, "అసలైన అరటిపండువి నువ్వే, వేలెత్తుకో, నీది లెక్కలేదు" అన్నారంట. మొనగాళ్ళిద్దర్నీ మామూలుగానే ఆడించి, పొద్దుగూకేదాకా నవ్వుకుంటా ఆడుకున్నారు. ఈయన గట్టు మీద వేలెత్తుతానే ఉన్నాడు, చూసినోడు లేడు.

తెల్లారి గుమ్మంలో సౌభాగ్యం నిలబడుందంట, చంకలో అరటిగెల. పిచ్చయ్య బావురుమన్నాడు. ఆమె కళ్ళు తుడిచి, చెవి దగ్గరకొచ్చి, "ఆ రోజు బంతి తగిలిన మాట నిజమేనంటరా. ఊళ్ళో మాత్రం అనొద్దని చెప్పమన్నాడు మీ బావ" అందంట.

నేను చెప్పానని మీరూ ఎక్కడా అనమాకండి.