పాత గాదె రొట్టె

రైన్ నది ఒడ్డున ఉన్న ఒక నగరపు ధాన్యాగారంలో కరువుకని దాచిన ఇరవై ఏళ్ల నాటి గింజలతో రొట్టె చేయించి, నగరసభ పెద్ద ఏటా రుచి చూస్తాడు. బాగులేకపోతే కాపలాదారు ఉద్యోగం ఊడుతుంది. అందుకే కాపలాదారు ఈసారి అంగడిలో కొత్త గింజలు కొని రొట్టె చేయించాడు.

"ఎలా ఉంది అయ్యగారూ?"

"అమృతమోయ్! గాదెలో గింజలు నెలనెలా పారతో తిరగేస్తున్నావా?"

"తిరగేయకపోతే ముక్కిపోవూ! చేతులు కాయలు కాచాయండీ."

"మరి పారకి సాలీడు గూడు కట్టిందేం?"



"ఆ సాలీడు నిన్ననే వచ్చిందండీ."

"నిన్న వచ్చి ఇవాళ్టికి పిల్లల్ని కూడా పెట్టిందా! సరే, ఇంత రుచైన గింజలు ఊరికి పంచడం దండగ. గాదె ఖాళీ అయ్యేదాకా మీ ఇంట్లో ఆ గింజల రొట్టే తినాలి."

"మా అత్తగారు మా ఇంట్లోనే ఉంటుందండీ! నన్ను చంపేస్తుంది!"

"తెలుసు. అందుకేగా నీ ఉద్యోగం పీకలేదు!"